సంతకం ఎవరిని కట్టివేస్తుంది?

వేల్సులోని లాండుడ్నోలో ఒక కాఫీ హోటలు యజమానురాలు సిగరెట్లమ్మే యంత్రం కొన్నది. యంత్రం పనిచేయలేదు. కాని సన్నని అక్షరాల షరతులు చదవకనే ఆమె సంతకం పెట్టింది. సంతకం చేసినవారు కట్టుబడవలసిందేనని 1934లో న్యాయస్థానం తీర్పు చెప్పింది. ఈ సూత్రం బలవంతునికి ఎదురు తిరిగితే?

2008లో రష్యాలోని వొరోనెజ్‌లో ఒకాయన, టింకాఫ్ బ్యాంకు పంపిన క్రెడిట్ కార్డు పత్రంలో షరతులను తానే మార్చి, వడ్డీ లేదని రాసి పంపాడు. బ్యాంకు చదవకనే ఒప్పుకొని కార్డు ఇచ్చింది. తరువాత బాకీకి దావా వేసింది. 2013లో కోర్టు ఆయన షరతులనే మన్నించి, సుమారు 19 వేల రూబుళ్ల అసలు మాత్రం చెల్లించమన్నది. బ్యాంకు మోసమని గగ్గోలుపెట్టింది. ఆయన ఎదురుదావా వేశాడు. చివరకు ఉభయులూ దావాలు విరమించుకున్నారు.

పేదను కట్టినపుడు న్యాయమైన సంతకం, బ్యాంకును కట్టగానే మోసమెలా అయింది? ఒడంబడికలో స్వేచ్ఛ ఉభయులదీ అంటారు. షరతులు రాసే కలం మాత్రం ఒకరి చేతిలోనే ఉన్నది.