మార్లవాయి నుంచి ఇంద్రవెల్లి దాకా

జోడేఘాట్ కొండల్లో గోండు నాయకుడు కొమురం భీము నేలకొరిగింది 1940లో. అడవి నరికి సాగుచేసుకున్నా, పశువులను మేపుకున్నా గోండులు, కోలాములు జంగ్లాత్ జవాన్లకు లొంగి బతకాల్సిన కాలమది. ఆ బతుకు వద్దన్నందుకు నిజాం పోలీసులు ఆయన్ను కాల్చి చంపారు.

చంపిన సర్కారే ఆ తర్వాత, గోండులెందుకు తిరగబడ్డారో తెలుసుకోవాలనుకుంది. ఆస్ట్రియా నుంచి వచ్చిన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌ను ఆదిలాబాద్ అడవులకు పంపింది. ఆయన, భార్య బెట్టీ మార్లవాయి గూడెంలో గుడిసెలో ఉన్నారు. గోండుల మాట విన్నారు. తాతలనాటి నుంచి దున్నిన నేలకు వాళ్ల దగ్గర కాగితం లేదు. కాగితం సంగతి తెలిసిన బయటివాళ్లు పట్టాదారులయ్యారు. మంట అక్కడ పుట్టింది.

కారణం తెలిశాక మందు కూడా దొరికింది. 1943లో మార్లవాయిలో గోండు పంతుళ్లకు శిక్షణ మొదలైంది. గోండీలో వాచకాలు వచ్చాయి. లక్ష ఎకరాలకు పైగా ఆదివాసుల పేర పట్టాలయ్యాయి. పాలకులు కూర్చుని వింటే ఎంత జరుగుతుందో ఆ కొద్ది ఏళ్లు చూపించాయి. తలచుకుంటే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది.

ఎందుకంటే అది నిలవలేదు. రోడ్లు పడ్డాయి, పత్తి వచ్చింది, వెనకే సావుకార్లు, వలసదారులు వచ్చారు. అప్పు కింద ఒకరిది, మోసంతో ఇంకొకరిది, నేల మళ్లీ చేతులు మారింది. ఏజెన్సీ భూమి గిరిజనేతరులకు చెల్లదని 1/70 చట్టం గట్టిగానే చెప్పింది. చట్టం మంచిదే. దాన్ని గూడెం దాకా మోసుకెళ్లాల్సిన ఆఫీసులే కదల్లేదు. 1970ల చివర మళ్లీ వచ్చిన హైమన్‌డార్ఫ్, తన కళ్లముందు నిలబడ్డ గోండులు నేల పోగొట్టుకుంటున్న తీరు చూసి పుస్తకంగా రాశాడు.

1981 ఏప్రిల్ 20, సోమవారం. ఇంద్రవెల్లి సంత రోజు. గిరిజన రైతు కూలీ సంఘం సభ పెట్టుకుంది, అడిగింది ఆ నేల గురించే. ముందు ఇచ్చిన అనుమతిని రద్దు చేశారు. ఆ కబురు అందని గూడేల జనం కొండలు దిగి నడిచొచ్చారు. పోలీసులు కాల్చారు. సర్కారు 13 మంది పోయారంది. ఆదివాసులు చెప్పే లెక్క దానికి ఎన్నో రెట్లు.

నేల సంగతి తెలియక జరిగిన ఘోరమా ఇది? హైమన్‌డార్ఫ్ నివేదికలు 1945లోనే హైదరాబాదులో అచ్చయ్యాయి. వాటిని తెరిచి చూడాల్సినవాళ్లు ఇంద్రవెల్లికి తుపాకులు పంపారు. ఆ తర్వాతైనా దయ చూపలేదు. చనిపోయినవాళ్ల స్తూపం దగ్గర మొక్కుకోబోతే ఏటా ఏప్రిల్ 20న పోలీసులు అడ్డంగా నిలిచారు, దశాబ్దాల పాటు.