కొలబద్ద మారిన కథ



అమెరికాలో స్థిరపడిన నా పూర్వవిద్యార్థి ఒకడు మొన్న ఫోను చేశాడు. అతని కుమార్తె చదువులో దిట్ట. శాట్ పరీక్షలో చక్కని మార్కులు తెచ్చుకొన్నది. అయినా కోరుకొన్న ప్రసిద్ధ కళాశాలలో ఆమెకు చోటు దొరకలేదు. "మాస్టారూ, ఇక్కడ కూడా ప్రతిభకు విలువ లేదంటారా?" అని అడిగాడు. వెంటనే బదులు చెప్పలేకపోయాను. ఆ తరువాత ఆ దేశపు ప్రవేశాల చరిత్రను కొంత చదివాను. అతనికి చెప్పవలసిన సమాధానమే ఈ టపా.

కథ హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో మొదలుపెడతాను. ఇరవయ్యవ శతాబ్దారంభంలో అక్కడ ప్రవేశానికి ప్రధానంగా పరీక్షే ఆధారం. తూర్పు ఐరోపా నుండి వలస వచ్చిన యూదుల పిల్లలు ఆ పరీక్షలో నెగ్గసాగారు. 1900లో నూటికి 7గురుగా ఉన్న యూదు విద్యార్థులు 1922 నాటికి 21 దాటారు. అప్పటి అధ్యక్షుడు ఎ. లారెన్స్ లోవెల్‌కు ఇది రుచించలేదు. యూదుల సంఖ్యకు హద్దు పెట్టాలని ప్రయత్నించాడు. బహిరంగమైన కోటాకు 1923లో అధ్యాపక సంఘం అంగీకరించలేదు. అయితే దరఖాస్తులో కొత్త ప్రశ్నలు అప్పటికే వచ్చి చేరాయి: జాతి ఏది, మతం ఏది, తల్లి పుట్టింటి పేరేమిటి, తండ్రి ఎక్కడ పుట్టాడు, పుట్టిన తరువాత తన పేరుగాని తండ్రి పేరుగాని మార్చుకోవడం జరిగిందా? 1926లో మరొక అడుగు పడింది. మార్కులు మాత్రమే చాలవు, శీలమూ వ్యక్తిత్వమూ చూడాలన్నారు. దరఖాస్తుతో పాటు ఫోటో కూడా జతపరచాలన్నారు. కొన్నేళ్ళలో యూదుల సంఖ్య నూటికి సుమారు 15కు దిగింది. కోటా అన్న మాట ఎక్కడా వ్రాయకుండానే కోటా అమలైంది.

అదే 1926లో, జూన్ 23వ తేదీన, తొలి శాట్ పరీక్ష జరిగింది. సుమారు 8,000 మంది వ్రాశారు. దానిని రూపొందించినవాడు ప్రిన్స్‌టన్ ఆచార్యుడు కార్ల్ బ్రిగమ్. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో సైనికులకు పెట్టిన బుద్ధిపరీక్షల మార్కులను ఆధారం చేసికొని, ఉత్తర ఐరోపావారే మేధలో అధికులని 1923లో ఒక గ్రంథం వ్రాశాడు. సరిగ్గా ఆ ఏడే అమెరికా సుప్రీంకోర్టు, ఆ దేశపు సైన్యంలో పనిచేసిన పంజాబు బిడ్డ భగత్ సింగ్ థింద్ 'తెల్లవాడు' కాడు గనుక పౌరసత్వానికి అర్హుడు కాడని తీర్పు చెప్పింది. మనవారికి ఆ తలుపు చట్టబద్ధంగా తెరుచుకోవడానికి 1946 దాకా ఆగవలసివచ్చింది. బ్రిగమ్ మాత్రం 1930లో తన సిద్ధాంతానికి ఆధారం లేదని తానే ఒప్పుకొన్నాడు. తప్పును అచ్చులో ఒప్పుకొన్న పండితులు అరుదు. ఆ మేరకు ఆయనను గౌరవించాలి.

విచిత్రమేమంటే, జాతిగర్వపు నీడలో పుట్టిన ఆ పరీక్షే తరువాత కొందరికి ద్వారమైంది. 1933లో హార్వర్డ్ అధ్యక్షుడైన జేమ్స్ కోనెంట్, సంపన్న కుటుంబాలకు చెందని పిల్లలను దూరప్రాంతాల నుండి వెదకి తెచ్చి విద్యార్థివేతనాలు ఇవ్వడానికి శాట్‌ను వాడుకొన్నాడు.

ఇక దక్షిణాదిన మిసిసిపీ రాష్ట్రానికి పోదాం. 1962లో కోర్టు ఆజ్ఞతో, సైన్యం కాపలాతో, జేమ్స్ మెరెడిత్ అనే నల్లజాతి యువకుడు అక్కడి విశ్వవిద్యాలయంలో అడుగుపెట్టాడు. మరుసటి ఏడే, 1963లో, ఆ రాష్ట్రంలో అంతవరకు తెల్లవారికే పరిమితమైన మూడు ప్రధాన విశ్వవిద్యాలయాలు ఏసీటీ అనే పరీక్షలో కనీసం 15 మార్కులు రావాలని నియమం పెట్టాయి. అప్పుడు తెల్లవారి సగటు 18, నల్లవారి సగటు 7. ఈ అంకెలు 1992 నాటి సుప్రీంకోర్టు తీర్పులో నమోదై ఉన్నాయి. 1922లో మార్కులు ఎక్కువ తెచ్చేవారిని ఆపడానికి 'శీలం' కావలసివచ్చింది. 1963లో శీలం ఎవరికీ పట్టలేదు, మార్కులే కావలసివచ్చాయి.

1978లో బక్కీ వ్యాజ్యంలో తీర్పు వచ్చింది. కాలిఫోర్నియాలోని డేవిస్ వైద్యకళాశాల 100 సీట్లలో 16 అల్పసంఖ్యాక వర్గాలకు కేటాయించింది. ఆ కోటా చెల్లదని సుప్రీంకోర్టు కొట్టివేసింది. అయితే అభ్యర్థి సమగ్ర వ్యక్తిత్వంలో జాతిని ఒక అంశంగా చూడవచ్చునని జస్టిస్ పావెల్ అంటూ, అందుకు ఆదర్శంగా హార్వర్డ్ పద్ధతినే చూపించాడు! యూదులను ఆపడానికి పుట్టిన వ్యక్తిత్వ పరిశీలన నల్లవారిని చేర్చుకొనే మార్గమైంది. 2003లో మిషిగన్ న్యాయకళాశాల వ్యాజ్యంలోనూ అదే సూత్రం నిలిచింది.

తరువాతి వంతు ఆసియా సంతతి వారిది. 2014లో హార్వర్డ్‌పై వేసిన వ్యాజ్యం 2018లో బోస్టన్‌లో విచారణకు వచ్చింది. చదువులో మేటిగా నిలిచిన ఆసియా సంతతి విద్యార్థులకు 'వ్యక్తిగత గుణాల' అంచనాలో సగటున తక్కువ స్థానం దక్కుతున్నదని అక్కడ లెక్కలు చూపారు. ఉద్దేశపూర్వకమైన వివక్ష లేదని ఆ న్యాయస్థానం 2019లో తేల్చింది. సుప్రీంకోర్టు 2023 జూన్ 29న దానిని తిరగవ్రాసి, ప్రవేశాలలో జాతిని లెక్కించే పద్ధతి చెల్లదన్నది. ఆ వ్యాజ్యంలో బయటపడ్డ వివరాల నుండి ఆర్థికవేత్తలు మరొక సంగతి లెక్కగట్టారు. హార్వర్డ్‌లో ప్రవేశం దక్కిన తెల్ల విద్యార్థులలో నూటికి 43 మందికి పైగా క్రీడాకారులో, పూర్వవిద్యార్థుల సంతానమో, అక్కడి ఉద్యోగుల పిల్లలో, డీన్ ప్రత్యేకంగా గమనించిన దాతల వంటివారి పిల్లలో. ఈ పుట్టుక సీట్లను ఆ తీర్పు తాకనేలేదు.

'మెరిట్'ను మనం 'ప్రతిభ' అని అనువదించుకొన్నాం. అలంకారశాస్త్రం చదివిన నాకు అక్కడే చిక్కు. కావ్యానికి శక్తి, నిపుణత, అభ్యాసం మూడూ కలిసి ఒకే హేతువని మమ్మటుడు అన్నాడు. పుట్టుకతో వచ్చినదెంత, చుట్టూ ఉన్నవారు నేర్పినదెంత, సాధనతో వచ్చినదెంత అని విడదీయలేదు. మార్కు కూడా అంతే. నా శిష్యుని కుమార్తె కష్టం నిజం. 1965 చట్టం చదువుకొన్నవారికి కూడా దారి తెరిచినందువల్ల ఇద్దరు పట్టభద్రుల ఇంట ఆమె పుట్టడమూ నిజం. మిసిసిపీ పిల్లల 7 సంగతి అడిగితే, అది ఆ రాష్ట్రం వారికిచ్చిన బడులకు వచ్చిన మార్కు అంటాను.

అయితే మార్కులను తీసివేసి మనుషులను చూచి నిర్ణయించమంటారా? ఇక్కడ నా తప్పు కూడా చెప్పుకోవాలి. ముప్ఫయ్యేళ్ళ ఉపాధ్యాయ వృత్తిలో ఎన్నో నడవడి పత్రాలు వ్రాశాను. ఇంటి పెద్దలు నాకు తెలిసిన పిల్లవాడైతే 'చాలా మంచిది' అని, తెలియని పిల్లవాడైతే 'తృప్తికరం' అని వ్రాసిన సందర్భాలున్నాయి. ఆ రెండవవాడు ఏ తప్పూ చేయలేదు. నాకు తెలియకపోవడమే వాడి లోపమైంది. బోస్టన్ విచారణ గురించి చదువుతున్నప్పుడు నాకు ఆ పత్రాలే కళ్ళముందు మెదిలాయి.

2020లో మహమ్మారి కాలాన హార్వర్డ్ శాట్ నియమాన్ని సడలించింది. 2024లో మళ్ళీ తప్పనిసరి అన్నది. కొలబద్ద ఇంకా మారుతూనే ఉంది.

నిన్న నా శిష్యునికి నేనే ఫోను చేశాను. "నాయనా, నీ బిడ్డ మార్కులు అబద్ధం కావు. వాటిని కాదన్నవారి మాట వేదమూ కాదు. కొలబద్ద ఎవరు పట్టుకొన్నా, దానిని ఎప్పుడు, ఎవరిని చూచి మార్చారని అడుగు. అది నీకు అనుకూలంగా ఉన్న రోజున కూడా అడుగు" అన్నాను. కొంచెంసేపు మౌనంగా ఉండి, "ఆ చివరి మాట కష్టం మాస్టారూ" అన్నాడు.

కష్టమే. నాకూ ఇన్నేళ్ళు పట్టింది.

స్వస్తి.