సంసారమునకు తగిన పేట



మన యూళ్లనుండి పట్నమునకు పోయి స్థిరపడిన పిల్లలు ఇల్లు కొనదలచినప్పుడు పెద్దలకు కబురు చేయుదురు. కొంత డబ్బు సాయమునకు, కొంత మాట సాయమునకు. "పాతబస్తీకి దక్షిణమున క్రొత్తగా కాలనీ లేచినది, గజము ధర అందుబాటులో నున్నది, పిల్లలను పెంచుకొనుటకు ఆ చోటు మంచిదో కాదో ఒకసారి వచ్చి చూడుడు" అని యడుగుదురు. పెద్దలు వెళ్లుదురు. వాకిలి యే దిక్కున నున్నదో చూతురు, బడి యెంత దూరమో విచారింతురు, ఇరుగుపొరుగుతో నాలుగు మాటలాడి, భోజనము చేసి, సాయంత్రపు బస్సునకు తిరిగి వత్తురు. ఇవి యన్నియు చూడవలసినవే. కాని హైదరాబాదు చరిత్ర చదివినకొలది, వీనికన్న ముందు చూడవలసిన దొకటి కలదని నాకు తోచుచున్నది. అది నీరు. త్రాగు నీటి మాట కాదు నేను చెప్పునది. పెద్దవాన కురిసిన రాత్రి ఆ నేలమీదికి ఏ నీరు వచ్చును, వచ్చిన నీరు ఎటు పోవును అనునది.

హైదరాబాదు మొదట ఒక శివారు పేటయే యనిన ఆశ్చర్యపడకుడు. రాజధాని గోలకొండ. కోటలో జనము క్రిక్కిరిసెను, నీరు చాలదయ్యెను. 1578లో ఇబ్రహీం కుతుబ్ షా మూసీ నదిపై వంతెన కట్టించెను. నేడు మనము పురానాపూల్ అనునది అదియే. వంతెన యుండుటచేత ఆవలి గట్టునకు రాకపోకలు సులభమాయెను. ఆయన కుమారుడు మహమ్మద్ కులీ కుతుబ్ షా 1591లో ఆ గట్టుననే క్రొత్త నగరమును నెలకొల్పెను. ఆయన పేష్వా మీర్ మోమిన్ దాని రూపురేఖలను తీర్చెనందురు. ఇప్పటికిని పోయి చూడుడు: చార్మినారు నదియొడ్డున లేదు. నదికి దూరముగా, నేల దక్షిణమునకు మెఱకయగుచు పోవు చోట నిలిచియున్నది. నాలుగు బాటలు అక్కడ కలియును. నదిని దగ్గఱ నుంచుకొనవలెను గాని నది యొడిలో కూర్చుండరాదను వివేకము ఆనాటివారికి లేకపోలేదు.

ఆ వివేకము తరువాతి వారికి క్రమముగా తగ్గినది. పదునెనిమిదవ శతాబ్దమున నగరము చుట్టు రాతి గోడ లేచెను. దానికి పలు దర్వాజాలు, కిటికీలు, అనగా చిన్న ద్వారములు. వానిలో నేడు దబీర్‌పురా దర్వాజా, పురానాపూల్ దర్వాజా మాత్రమే మిగిలినవి. దోపిడికాండ్ర భయమున్న కాలమున సంసారికి గోడయే ధైర్యము. అందుచేత గోడలోపల చోటు దొరికిన చాలునని జనము నదియొడ్డువఱకు ఇండ్లు కట్టుకొనిరి. మనుష్యులనుండి కాపాడు గోడ నీటినుండి కాపాడునా యని యడిగినవారు కనబడరు.

ఇచ్చట కొంచెము ప్రక్కకు తొలగి పేటల పేర్లనుగూర్చి ఒక మాట చెప్పెదను. హైదరాబాదులో పేరే సగము సాక్ష్యము. షాలిబండలో బండ యున్నది. చాంద్రాయణగుట్టలో గుట్ట యున్నది. ఆ సమీపముననే గుట్టమీద వికారుల్ ఉమ్రా తన ఫలక్‌నుమా మేడను కట్టించుకొనెను. దానికి 1884లో పునాది వేసిరి. ధనవంతుడు మెఱకను ఎంచుకొనుట ఎల్లకాలముల నున్నదే. మఱి తలాబ్‌కట్టా యనగానేమి? తలాబ్ అనగా చెఱువు, కట్ట మన కట్టయే. అచ్చట మీర్ జుమ్లా చెఱువుండెడిది. చెఱువు పోయినది, దాని గర్భమున ఇండ్లు వెలసినవి, పేరు మాత్రము నిలిచినది. నదికి ఉత్తరమున మాసబ్ ట్యాంకు అనుచోట నేడు ట్యాంకు లేదు. ఒకప్పుడది మాసాహెబా చెఱువు. నీరు కనబడనంత మాత్రమున నేల తన పల్లమును మఱచిపోదు.

చెఱువు లనగా ఆ కాలమున నగరమునకు ప్రాణము. పాతబస్తీకి పశ్చిమమున దివాన్ మీర్ ఆలం పేర వెలసిన చెఱువు 1806 ప్రాంతమున పూర్తియైనది. దాని కట్ట మనమెఱిగిన మట్టికట్ట కాదు. ఇరువదియొక్క రాతి కమానులను నీటివైపునకు పొట్ట పెట్టి వరుసగా నిలిపిరి. నీటి బరువు ప్రక్క స్తంభములమీదికి పోవునట్లు చేసిరి. రెండు వందల యేండ్లు గడచినను అది చెక్కుచెదరలేదు. నూఱేండ్లకు పైగా నగరము ఆ నీటినే త్రాగినది. అట్టి చెఱువుయొక్క తూమును, కాలువను, మత్తడిని చూచువారుండిరి. చూడకపోయిన నగరమునకు దాహము.

ఇక 1908 సంగతి. ఆ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీన మూసీ పొంగెను. ఎగువన శంషాబాదు వద్ద ఇరువదినాలుగు గంటలలో 12.8 అంగుళముల వాన కురిసెను. మూసీకి నీరు చేరు ప్రదేశమున అప్పుడు 788 చెఱువులుండెను. చదరపు మైలునకు ఇంచుమించు ఒక్కటి. వానిలో 221 తెగినవి. ఒక చెఱువు తెగిన నీరు క్రింది చెఱువుమీద పడును; అది తెగి మఱొకదానిమీద. గొలుసుకట్టు చెఱువుల కింద సేద్యము చేసిన మీకు ఇది విడమరచి చెప్పనక్కఱలేదు. తెల్లవారునప్పటికి అఫ్జల్‌గంజు, ఘాన్సీబజారు, కోల్సావాడీ మొదలగు నదీతీరపు పేటలు నీటి పాలాయెను. పదిహేను వేలమంది చనిపోయిరని సాధారణముగా చెప్పుదురు. అఫ్జల్‌గంజున ఒక చింతచెట్టు నెక్కి నూటయేబదిమంది వఱకు ప్రాణములు దక్కించుకొనిరి. ఆ చెట్టు ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో నున్నది. చనిపోయినవారిలో పలువురు ఎన్నియో తరములుగా అచ్చటనే కాపురముండినవారు. బజారు దగ్గఱ, మసీదు దగ్గఱ, గుడి దగ్గఱ, నది దగ్గఱ. సంసారమునకు ఇంతకన్న మంచి చోటేదని వారు తలచియుందురు, వారి తప్పేమున్నది? నెమ్మదిగా నుండు నదిని చూచి ఎవరును భయపడరు.

మఱుసటి యేడు, 1909లో, నిజాం ప్రభుత్వము మైసూరువాడైన మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించెను. ఆయన నదికి గట్లు కట్టుట ఒక్కటే చాలదనెను. వరదను నగరమునకు ఎగువననే పట్టి నిలుపవలెననెను. ఆ సలహాను బట్టియే మూసీమీద ఉస్మాన్‌సాగరము 1920లోను, ఈసీమీద హిమాయత్‌సాగరము 1927లోను పూర్తియైనవి. నగరమునకు మురుగు కాలువల యేర్పాటును ఆయనయే సూచించెను. ఇంతలో 1911లో ప్లేగు వచ్చెను. 1912లో నగరాభివృద్ధికై ఒక సంఘము ఏర్పడి, ఇఱుకు వాడలను తొలగించి వీధులు వెడల్పు చేసి, బీదలకు అద్దె యిండ్లు కట్టించెను. పత్తర్‌గట్టీలో రాతి కమానులతో నిలిచిన అంగళ్ల వరుస ఆ సంఘము పనియే. కలిగినవారు పలువురు నదికి ఉత్తరమున విశాలమైన జాగాలకు తరలిపోయిరి. కడపటి నిజాముకూడ పాతనగరపు మహళ్లలో నుండక కింగ్ కోఠీలో కాపురముండెను. పాతబస్తీ అప్పటినుండియే వెనుకబడుట మొదలిడెనని నా యభిప్రాయము. చరిత్రకారులందఱు ఒప్పుకొనకపోవచ్చును.

నేను ముఖ్యముగా చెప్పదలచినది ఇక్కడనే యున్నది. గండిపేట నీరు నల్లాలలో వచ్చినది. అది మహోపకారము. కాని నల్లా వచ్చిన దినమునుండి చుట్టుప్రక్కల చెఱువులు నగరమునకు అక్కఱలేనివైనవి. తరువాత నగరము పెరిగి, చెఱువు క్రింది పొలములు ఇండ్ల స్థలములైనవి. ఆయకట్టు లేని చెఱువునకు దిక్కెవ్వరు? మత్తడి కాలువమీద గోడ లేచినది, శిఖము భూమిలో రాళ్లు పాతి గజముల లెక్కన అమ్మిరి. కొన్నిచోట్ల రిజిస్టరీయైనను లేక నోటరీ కాగితములమీదనే జాగాలు చేతులు మారినవి. కొన్నవారెవరు? ఆటో నడుపువారు, కుట్టుపనివారు, గల్ఫు దేశములలో చెమటోడ్చి డబ్బు పంపినవారు, మన యూళ్లనుండి పోయిన కూలీలు. వరదనుండి నగరమును రక్షించుటకు కట్టిన సాగరములే, చిన్న చెఱువులు పనికిరానివను భ్రాంతిని కలిగించినవి. వారెవ్వరును కోరి చేసినది కాదు, కాని జరిగినదదియే.

2020వ సంవత్సరము అక్టోబరు 13న అది బయటపడినది. ఆ దినము ఘట్‌కేసర్ ప్రాంతమున 32 సెంటీమీటర్ల వాన కురిసెను. 1908లో శంషాబాదున పడినదియు లెక్కకు ఇంచుమించు అంతయే. పల్లెచెఱువు తెగి ఫలక్‌నుమా దిగువనున్న అల్ జుబైల్ కాలనీ మునిగెను. నాలుగు దినములకు, 17వ తేదీ రాత్రి, బాలాపూరు గుఱ్ఱం చెఱువు కట్టకు గండిపడి హఫీజ్‌బాబానగరము మునిగెను. జల్‌పల్లి దిక్కున ఉస్మాన్‌నగరములో నీరు నెలల తరబడి ఇండ్లలోనే నిలిచెను. అచ్చటి కుటుంబములు సామాను వదలి వేఱొకచోట అద్దెకుండిరి. నేను మఱుసటి వేసవిలో ఆ వైపు తిరిగితిని. గోడలమీద నీటి చార ఇంకను కనబడుచుండెను. ఒక యింట నది నా భుజముకన్న ఎత్తున నుండెను. ఆ యింటి గుమ్మమునకు మామిడాకుల తోరణము క్రొత్తగా కట్టియుండిరి. కట్టవలసినదే, కాని నా మనస్సు చివుక్కుమనెను. నీటి భయమొకటే కాదు. 2024లో హైడ్రా యను ప్రభుత్వ సంస్థ యేర్పడి చెఱువు హద్దులలోని కట్టడములను తొలగించుట మొదలుపెట్టినది. జీవితమంతయు కూడబెట్టిన సొమ్ము వానలోనైనను పోవచ్చును, కూల్చివేతలోనైనను పోవచ్చును.

ఇట్లు చెప్పుటచేత పాతబస్తీ సంసారమునకు తగదని నేననుటలేదు. ఆ మాట తఱచుగా అనువారు అక్కడ నాలుగు దినములైనను ఉండినవారు కారు. లాల్‌దర్వాజా సింహవాహిని మహాకాళి బోనాలనాడు వీధులు చూచిన, తరతరముల ఇరుగుపొరుగనగా ఏమో తెలియును. పేట్లబురుజు ప్రసూతి ఆస్పత్రి దగ్గఱనే యున్నది. అంగడి దగ్గఱ, పని దగ్గఱ. ముసలివారు వీధి యరుగుమీద కూర్చుండిన పలుకరించువారున్నారు. ఇది క్రొత్త పేటలలో డబ్బుపెట్టినను దొరకదు. బడి, వెలుతురు, రాత్రి ఆడపిల్ల నిర్భయముగా ఇల్లు చేరుట, ఇవి యేయింటికాయిల్లు చూచుకొనవలసినవి. వీనిని మీ పిల్లలే మీకన్న బాగుగా చూతురు.

వారు చూడలేనిది మీరు చూడగలరు. పట్నములో పుట్టిన మనుమనికి మత్తడి యనగా తెలియదు, శిఖము అను మాట వినియుండడు. మీరు కట్టను చూచిన కట్ట యని గుర్తింతురు, దానిమీద తారు పోసి బస్సులు నడపినను. కావున వెళ్లినప్పుడు ఇంటి లోపలికి పోవుటకు ముందు ఆ పేట చుట్టు ఒకసారి నడువుడు. ఎత్తయిన చోటేది, పల్లమేది, నాలా యెక్కడ మొదలై ఎక్కడ ఇఱుకగుచున్నదో చూడుడు. నాలా వెడల్పు దిగువకు పోయినకొలది తగ్గుచున్నచో అనుమానింపుడు; నీరు పెరుగుచుండగా కాలువ తగ్గుట ఎట్లు? అచ్చటి పాన్‌డబ్బావానినో, ఇస్త్రీ బండివానినో 2020లో నీరెంతవఱకు వచ్చెనని యడుగుడు. అమ్మువాడు చెప్పడు, వారు చెప్పుదురు. సర్వే నంబరు తెలిసికొని, పాత పహాణీలో ఆ నంబరు ఎదుట ఏమున్నదో, గ్రామ నక్షాలో చెఱువు గీత ఎక్కడికి వచ్చినదో చూపింపుమని కోరుడు. బాలాపూరు, జల్‌పల్లి, కందికల్ మొదలగునవి మనవంటి యూళ్లే. వానికిని మన యూరికి వలెనే లెక్కలున్నవి.

ఇంకొక్కటి. అమ్మువారు వేసవిలో తొందరపెట్టుదురు. అప్పుడు ప్రతి నేలయు పొడిగానే యుండును. బయానా ఇచ్చుటకు శ్రావణము వఱకు గడువడుగుడు. ఒక పెద్దవాన కురిసిన మఱునాటి ఉదయము పిల్లవానిని వెంటబెట్టుకొని, చెప్పులు చేతబట్టి, ఆ వీధిలో ఈ చివరనుండి ఆ చివరకు నడచి రండు. ఆ తరువాత ధర మాట.