నల్లకాళ్ల ఫెరెట్: ఒక జాతి రక్షణ, ఒక క్లోన్ చరిత్ర

ఉత్తర అమెరికా గడ్డి మైదానాల్లో బతికే నల్లకాళ్ల ఫెరెట్, చూపులకు మన ముంగిసను తలపించే చిన్న మాంసాహారి. దాని ఆహారంలో అత్యధిక భాగం ప్రెయిరీ డాగ్‌లే. పేరులో డాగ్ ఉన్నా ఇవి ఉడుత కుటుంబానికి చెందినవి, బొరియలు తవ్వుకొని గుంపులుగా నివసించేవి. ఫెరెట్‌కు తిండి, నివాసం రెండూ వీటివల్లనే దొరుకుతాయి. పశువుల మేతను తినేస్తున్నాయన్న కారణంతో ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దాల నుంచి ప్రభుత్వ సంస్థలే పూనుకొని వీటికి విషం పెట్టించాయి. మైదానాలు చాలావరకు సాగులోకి వచ్చాయి. 1900 ప్రాంతంలో ఓడల మీద అమెరికా రేవులకు చేరిన ప్లేగు క్రమంగా ఈ బొరియల్లోకీ పాకింది. ఎవరూ ప్రత్యేకంగా వేటాడకుండానే ఫెరెట్ జాతి ఆ విధంగా క్షీణించి, 1979లో సంరక్షణలో ఉన్న చివరి జంతువు మరణించడంతో, పూర్తిగా అంతరించిందనే అందరూ భావించారు.

అయితే 1981 సెప్టెంబరులో వ్యోమింగ్ రాష్ట్రంలోని మిటీట్సీ దగ్గర ఒక పశుపాలకుని కుక్క చంపి తెచ్చిన జంతువు ఫెరెట్ అని తేలడంతో అక్కడ ఒక గుంపు బతికి ఉన్నట్లు బయటపడింది. 1984లో 129 వరకు లెక్కకు వచ్చిన ఆ గుంపును మరుసటి ఏడాదే ప్లేగు, కుక్కలకు సోకే డిస్టెంపర్ వ్యాధి కలిసి ఊడ్చిపెట్టగా, మిగిలిన 18 జంతువులను 1987 నాటికి పట్టి సంరక్షణ కేంద్రానికి చేర్చారు. వాటిలో ఏడింటి సంతానమే నిలిచింది. నేడు జీవిస్తున్న ఫెరెట్లలో క్లోన్లు, వాటి సంతానం తప్ప తక్కినవన్నీ ఆ ఏడింటి వారసులే. అంత దగ్గరి బంధుత్వం గల జంతువుల మధ్య తరతరాలుగా సంతానోత్పత్తి జరిగితే జన్యు వైవిధ్యం, అంటే రోగాలనూ మార్పులనూ తట్టుకొనే వంశగత వైవిధ్యం, తరిగిపోతుంది.

క్లోనింగ్ ఈ కథలోకి వచ్చింది ఆ లోటు తీర్చడానికే. విల్లా అనే ఆడ ఫెరెట్ 1988లో మరణించినప్పుడు, వంశం నిలవని దాని కణాలను వ్యోమింగ్ అధికారులు శాన్ డియాగో జంతుప్రదర్శనశాలకు పంపగా, కర్ట్ బెనిర్ష్కె 1975లో అక్కడ నెలకొల్పిన శీతల కణభాండారంలో అవి భద్రంగా నిలిచాయి. క్లోనింగ్ అంటే ఒక జంతువు కణంలోని కేంద్రకాన్ని, కేంద్రకం తీసివేసిన అండంలో ప్రవేశపెట్టి పిండంగా ఎదిగించడం. దానికి చెడిపోని కణం ఉండి తీరాలి. హైదరాబాదులోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు ఆసియా చీతాను క్లోన్ చేయాలని సంకల్పించి, ఇరాన్ నుంచి కణాలు దొరకకపోవడంతో విరమించుకోవలసి వచ్చింది ఇందువల్లే. విల్లా కణాల నుంచి 2020 డిసెంబరు 10న కొలరాడోలో ఎలిజబెత్ ఆన్ పుట్టింది. గర్భాశయ లోపం వల్ల అది తల్లి కాలేకపోయినా, మరో క్లోన్ అంటోనియా 2024లో వర్జీనియాలోని స్మిత్‌సోనియన్ కేంద్రంలో పిల్లలను కన్నది. పెంపుడు ఫెరెట్ల గర్భాలను అరువు తెచ్చుకొన్న ఈ ప్రయత్నంలో జంతువుల బాధ లేకపోలేదు. కాని ఆ బాధకు ప్రతిఫలం పొందేది బతికి ఉన్న జాతి, 1991 నుంచి తన మైదానాలకు తిరిగి వెళుతున్న జాతి.

అంతరించిన డైర్ వుల్ఫ్ అనే మంచుయుగపు వేటజంతువును తిరిగి తెచ్చామంటూ డల్లాస్‌కు చెందిన కొలోసల్ సంస్థ 2025 ఏప్రిల్‌లో ప్రకటించిన పిల్లలకు ఈ సమర్థన వర్తించదు. అవి బూడిదరంగు తోడేలు 14 జన్యువుల్లో 20 మార్పులు చేసి పుట్టించిన పిల్లలు. డైర్ వుల్ఫ్ వేటాడిన మంచుయుగపు మహాజంతువులు నేడు లేవు కనుక ఈ పిల్లలకు కంచె లోపల తప్ప తావు లేదు. అంతకన్నా కలవరపెట్టేది, ఆ ప్రకటన వెలువడగానే అమెరికా అంతర్గత వ్యవహారాల మంత్రి డగ్ బర్గమ్ దాన్ని కొనియాడుతూ, ప్రభుత్వ నియంత్రణ కన్నా నూతన ఆవిష్కరణే మేలని వాదించడం. 1973 నాటి అంతరించే జాతుల చట్టం వంటి నియంత్రణే లేకుంటే మిటీట్సీ గుంపును కాపాడే బాధ్యత ఎవరిపైనా ఉండేది కాదు.

విల్లా మనుమలైనా ప్లేగు నుంచి తప్పించుకోలేవు. అందుకే ఫెరెట్లను విడిచిన చోట్ల ఉద్యోగులు బొరియ బొరియకూ తిరిగి, ప్లేగును మోసే ఫ్లీ అనే కీటకాలను చంపే మందు చల్లుతున్నారు, పట్టుబడిన ఫెరెట్లకు టీకాలు వేస్తున్నారు. ఆ మైదానాల్లో ప్రెయిరీ డాగ్‌లకు విషం పెట్టడం మాత్రం నేటికీ పూర్తిగా ఆగలేదు.