గడ్డి నది ఆవిడ

అరవై దాటితే మన దగ్గర "ఇంక కృష్ణా రామా అనుకోవమ్మా" అంటారు. అమెరికాలో రిటైరైనవాళ్ళు చలికి జడిసి ఫ్లోరిడా చేరతారు. వాళ్ళకదో కాశీవాసం, గంగ ఒక్కటే తక్కువ!

అక్కడే మయామీలో మార్జరీ స్టోన్‌మన్ డగ్లస్ ఉండేది. ఎవర్‌గ్లేడ్స్ అంటే పనికిరాని బురదనుకునే రోజుల్లో, 1947లో, అది 'గడ్డి నది' అని పుస్తకమే రాసింది. మయామీ బావుల్లో ఊరేది ఆ నీళ్ళేనండీ! 1968లో ఆ నీటిదారిలో పెద్ద విమానాశ్రయం మొదలెట్టారు. మరుసటేడు, 79వ ఏట, ఈవిడ సంఘం పెట్టింది. చందా ఒక్క డాలరు. వెడల్పాటి టోపీ, నల్లకళ్ళద్దాలు పెట్టుకుని ఊరూరా ఉపన్యాసాలు! ఆవిడొక్కతే ఆపిందనలేం గానీ, 1970లో ఒక్క రన్‌వేతో ఆ పని ఆగిపోయింది.

1998లో, 108వ ఏట పోయింది. అస్థికలు ఆ గడ్డిలోనే కలిపారు.