చిన్న ఏరే కదా అనుకుంటాం



2025లో వినాయక చవితి ఆగస్టు 27న వచ్చింది. మా మెదక్‌లో ఆ రోజు పత్రి కోసం గడప దాటుదామంటే వీల్లేని వాన. పక్కనున్న కామారెడ్డి జిల్లా అర్గొండలో ఒక్కరోజులో నలభై సెంటీమీటర్లు దాటి కురిసింది. కామారెడ్డి వైపు రోడ్డు తెగిపోయింది, రైలు పట్టాల కింద మట్టి కొట్టుకుపోయింది. ఆ సాయంత్రం అందరి నోటా ఒకటే మాట: "పోచారం ఆగుతుందా?"

పోచారం తెలియనివారికి చెబుతాను. మంజీరలో కలిసే ఆలేరు వాగు మీద, మాకు దగ్గరలోనే, నిజాం కాలంలో 1922లో పూర్తయిన ఆనకట్ట అది. ఎండాకాలంలో ఆ వాగును చూస్తే, దీనికి ఆనకట్ట ఎందుకు కట్టారా అనిపిస్తుంది. ఆ రోజు మాత్రం కట్టినవాళ్ళు లెక్కవేసుకున్న దానికి రెండింతలు మించి నీరు వచ్చిందన్నారు. పక్కన మట్టి కోసుకుపోయింది. దిగువ ఊళ్ళవాళ్ళను ఖాళీ చేయించారు. నూరేళ్ళు దాటిన ఆ రాతికట్ట మాత్రం నిలబడింది.

నీళ్ళు చూసి భయపడడం వేరు, కట్ట తెగుతుందేమోనని భయపడడం వేరు. ఈ రెండో భయానికి మన దగ్గర పెద్ద చరిత్రే ఉంది. అది తెలియాలంటే హైదరాబాదు మూసీ దగ్గరికి వెళ్ళాలి.

మూసీ ఎంత నది చెప్పండి? వికారాబాదు దగ్గర అనంతగిరి గుట్టల్లో పుట్టి, మన మంజీర పొడవులో మూడో వంతు నడిచి కృష్ణలో కలుస్తుంది. చాలా నెలలు నగరంలో దాన్ని నది అనడానికే మొహమాటపడాలి. అలాంటిది 1631లో, 1831లో, 1903లో ఊరి మీదికి వచ్చింది. 1908 సెప్టెంబరు 28న వచ్చినదాన్ని మాత్రం ఎవరూ మరిచిపోలేదు. భాద్రపద అమావాస్య వెళ్ళి మూడు రోజులు, అంటే బతుకమ్మ ఆడే రోజులు. రంజాను నెల కూడా అప్పుడే మొదలైంది. రెండు మతాల ఇళ్ళలోనూ పండుగ పనే. తెల్లవారేసరికి నది వీధుల్లో ఉంది. పదిహేను వేల మంది పోయారని అంచనా. అఫ్జల్ పూల్, ముసల్లం జంగ్ పూల్, చాదర్‌ఘాట్ వంతెన దెబ్బతిన్నాయి. 1578లో కట్టిన పురానాపూల్ నిలిచింది. అఫ్జల్‌గంజ్‌లో ఒక చింతచెట్టు ఎక్కి నూట యాభై మంది దాకా బతికారంటారు. ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఆ చెట్టు ఉంది. ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ కళ్ళముందే తల్లి, భార్య, కూతురు కొట్టుకుపోయారు. ఆయన ఒక్కడే మిగిలాడు. తర్వాత ఆయన రుబాయీలకు ఎంత పేరొచ్చినా, నాకు మాత్రం ఆ పేరు వినగానే ఆ ముగ్గురు ఆడవాళ్ళే గుర్తొస్తారు.

నవాబు మహబూబ్ అలీ ఖాన్ నది ఒడ్డుకు వెళ్ళి చీర, పసుపు కుంకుమ సమర్పించి శాంతించమని వేడుకున్నారని ఇప్పటికీ చెప్పుకుంటారు. మన చెరువు నిండినప్పుడు మనమూ చేసేది అదే. చేయడంలో తప్పేమీ లేదు. కానీ నవాబు అక్కడితో ఆగలేదు, అదీ మెచ్చుకోవలసిన సంగతి. బొంబాయి ప్రభుత్వ కొలువు వదిలి విదేశాల్లో తిరుగుతున్న మోక్షగుండం విశ్వేశ్వరయ్యకు కబురు పంపారు. ఆయన 1909లో వచ్చి లెక్కలు తీశారు.

ఆ లెక్కల్లో ఒకటి మనం కొంగున ముడివేసుకోవాలి. హైదరాబాదుకు ఎగువన నీరు వచ్చి చేరే 862 చదరపు మైళ్ళలో 788 చెరువులు ఉండేవి. దాదాపు మైలుకొకటి. అందులో 221 తెగిపోయాయి. అంటే ఊరిని ముంచింది ఆకాశంనుంచి పడ్డ నీరు ఒక్కటే కాదు. మన చెరువులన్నీ గొలుసుకట్టు కదా! పైచెరువు మత్తడి దూకితే కిందిచెరువు నిండుతుంది. పైకట్ట తెగితే ఆ నీళ్ళన్నీ ఒక్కసారిగా కిందికట్ట మీద పడతాయి, అదీ తెగుతుంది. పొయ్యిమీద ఒకదానిమీద ఒకటి పెట్టిన గిన్నెల్లో పైది ఒరిగితే ఏమవుతుందో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

విశ్వేశ్వరయ్య సలహా మీద మూసీకి అడ్డంగా ఉస్మాన్‌సాగర్ 1920లో, ఈసీ వాగుకు హిమాయత్‌సాగర్ 1927లో లేచాయి. మన పోచారం కట్టిందీ ఆ రోజుల్లోనే.

ఇక్కడ ఒక దూరదేశపు సంగతి చెప్పాలి. జర్మనీలో ఆర్ అని ఒక చిన్న నది ఉంది. తొంభై కిలోమీటర్లు కూడా ఉండదు, చుట్టూ ద్రాక్షతోటలు. 1804లో పొంగింది, 1910లో పొంగింది. అంటే మూసీ తర్వాత రెండేళ్ళకు. అక్కడా నీళ్ళు ఆపే ఆనకట్టలు కట్టాలని ఆలోచించారు, కట్టలేదు. ఆ కొండల్లో కార్ల పందేలకు నూర్‌బర్గ్‌రింగ్ అనే పెద్ద బాట మాత్రం వేసి 1927లో తెరిచారు. హిమాయత్‌సాగర్ పూర్తయిన ఏడాదే! 2021 జూలైలో ఆ చిన్న నది ఒక్క రాత్రిలో నూట ముప్ఫై మందికి పైగా పొట్టన పెట్టుకుంది. అంత డబ్బు, అంత చదువు ఉన్న దేశం.

అలాగని మనం గొప్ప అనుకోవడానికీ లేదు. ఆనకట్టలు కట్టుకున్నాం, ఊళ్ళో చెరువుల్ని మరిచాం. 2020 అక్టోబరులో హైదరాబాదు పాతబస్తీ దగ్గర పల్లె చెరువు కట్ట తెగి బస్తీల మీద పడింది. 1908 నాటి కథే, చిన్న కొలతలో. 2025 సెప్టెంబరు చివర్లో జంట జలాశయాల గేట్లు ఎత్తితే మహాత్మాగాంధీ బస్‌స్టేషన్‌లోకి మూసీ వచ్చింది. వచ్చిందనడం కూడా తప్పేనేమో. ఆ బస్‌స్టేషన్ నది ఒడిలోనే ఉంది.

మా మెదక్ సంగతికి వస్తాను. మెతుకు సీమ అన్న పేరు ఈ నేలకు ఊరికే రాలేదు. మంజీర మీద ఘనపురం ఆనకట్ట, పోచారం, ఊరూరా చెరువులు, ఇవే మన మెతుకు. మా అత్తగారి రోజుల్లో నీరటి అని ఒక మనిషి ఉండేవాడు. రాత్రి వాన పడితే లాంతరు పట్టుకుని కట్టమీద తిరిగేది అతనే. ఏ తూము ఎంత ఎత్తాలో, మత్తడి ఎప్పుడు దూకుతుందో అతనికి తెలుసు. పంటలో అతనికి పాలుండేది. ఇప్పుడు నీరటి లేడు. చెరువు శిఖంలో ఇళ్ళు లేస్తున్నాయి. మత్తడి నీళ్ళు పోయే కాలువ ఎవరో ప్రహరీ గోడ కింద కలుపుకుంటారు, మనం చూసి ఊరుకుంటాం.

ఆ చవితి తర్వాత ఏడుపాయల వనదుర్గమ్మ గుడి నీళ్ళలో మునిగితే ఉత్సవమూర్తిని రాజగోపురంలో పెట్టి పూజలు చేశారు. మంజీర ఏడుపాయలై పారేచోట గుడి కట్టుకున్నాం కాబట్టి అమ్మ పక్కకు జరిగింది, నది వెళ్ళాక తిరిగి వచ్చింది. ఇల్లు కట్టుకున్నవాళ్ళకు ఆ వెసులుబాటు లేదు కదా.

మా చుట్టాలమ్మాయి ఒకతి చెరువు పక్కన ప్లాటు చూసింది. చవగ్గా వస్తోందట, తూర్పు వాకిలట. నేను ఒక్కటే అడిగాను: "మత్తడి దూకితే ఆ నీళ్ళు ఎటు పోతాయో ఆ ఊళ్ళో ముసలివాళ్ళెవరినైనా అడిగావా, తల్లీ?"

అడుగుతానంది. ఇంకా అడగలేదు.