బొజ్జన్నకొండకు వెళ్లిన దినము



గడచిన క్రిస్మసు పండుగ దినములలో ఒక సాయంకాలము మా మాకవరపాలెము సంఘపు యువజనులు మందిరపు అరుగు మీద కూర్చుండి, ఒకని సెల్‌ఫోనులో ఏదో చిత్రము చూచుచుండిరి. నన్నును పిలిచి చూపిరి. దట్టమైన అడవి; ఆ చెట్ల తలలను దాటి ఆకాశములోనికి లేచిన తెల్లని రాతి కట్టడములు. మధ్య అమెరికాలోని గ్వాటిమాలా దేశములో టికాల్ అను స్థలమట. పూర్వము మాయా అను జనులు కట్టిన పట్టణమట. అందలి ఆలయములలో మిక్కిలి ఎత్తయినది 200 అడుగులకు మించినది.

వారిలో ఒకడు, "అయ్యగారండీ, మన దేశంలో ఇలాంటియి మన సుట్టుపక్కల ఎందుకు లేవండీ?" అని అడిగెను.

"లేవని నీకెవరు చెప్పినారురా? నీవు బెల్లము బండితో అనకాపల్లి పోయినప్పుడెల్ల అటువంటి చోటికి కోసెడు దూరములో నిలిచి టీ త్రాగి వచ్చుచున్నావు" అని నేనంటిని.

ఆ మాట మీద ప్రయాణము కుదిరినది. సంక్రాంతి వెళ్లిన తరువాత ఒక శనివారము ఉదయమున పదునొకండు మందిమి బయలుదేరి, తాళ్ళపాలెము దగ్గర పెద్ద రోడ్డెక్కి, కశింకోట మీదుగా అనకాపల్లి చేరితిమి. అక్కడికి దగ్గరనే శంకరము అను గ్రామము. ఈ పేరు శివుని పేరని చాలమంది తలంతురు. పండితులు చెప్పునది వేరు. బౌద్ధ భిక్షువులు కలిసి నివసించు మఠమునకు సంఘారామమని పేరు. ఆ మాటయే జనుల నోట నలిగి నలిగి శంకరమైనది. కట్టినవారు పోయిరి, కట్టడము కూలినది, అయినను పేరు మాత్రము పొలము దున్నువాని నోటిలో బ్రదికియున్నది.

ఊరి చెంత రెండు కొండలున్నవి. తూర్పుదానిని బొజ్జన్నకొండ యనియు, పడమటిదానిని లింగాలకొండ యనియు పిలుతురు. బొజ్జన్న యనగా బుద్ధుడేనని కొందరందురు. మెట్లెక్కి పోగా కొండ రాతిని తొలిచి చేసిన గుహలు కనబడును. పెద్ద గుహలో పదునారు స్తంభములు, నడుమ ఏకశిలగా చెక్కిన స్తూపము. స్తంభములు కొన్ని విరిగిపోయినవి. గుహకు పైన మరియొక గుహ. ఎటు చూచినను ధ్యానములో కూర్చున్న బుద్ధుని రూపములు రాతిలో తీర్చబడియున్నవి. ఇంకను పైకి పోయినయెడల పెద్ద స్తూపము, దాని చుట్టును ఇటుకలతో కట్టిన గదుల పునాదులు. ఒక్కొక్క గది ఒక మనుష్యుడు పండుకొనుటకు, కూర్చుండి ప్రార్థించుటకు చాలినంతయే. నేను ఒక గది ద్వారమున నిలిచి చూచి, మనము పాదిరి బంగళాలకు ఎంత పెద్ద గదులు కోరుచుందుమో తలంచుకొని కొంచెము సిగ్గుపడితిని.

లింగాలకొండ మీద చెక్కిన చిన్న స్తూపములు వందల కొలది వరుసలు తీరియున్నవి. స్తూపమును ఎరుగనివారు వాటిని లింగములనుకొనిరి గనుక కొండకు ఆ పేరు వచ్చినది.

1907వ సంవత్సర ప్రాంతమున అలెగ్జాండర్ రీ అను పురావస్తు శాఖ అధికారి ఇక్కడ త్రవ్వించినప్పుడు, మట్టి ముద్రలు, కుండలు, చాళుక్య విష్ణువర్ధనుని కాలపు రాగి నాణెములు, సముద్రగుప్తుని బంగారు నాణెము ఒకటి దొరికెను. ఎక్కడి మగధ, ఎక్కడి అనకాపల్లి! ఈ కొండ మీద క్రీస్తు శకము తొమ్మిదవ శతాబ్దము వరకు భిక్షువులుండిరని చెప్పుదురు. చిత్రమేమనగా, ఆ టికాల్ పట్టణములో తేదీ వేసి నిలిపిన కడవరి శిల క్రీ. శ. 869వ సంవత్సరపుది. భూమికి ఈ కొసనను ఆ కొసనను, ఒకరినొకరెరుగని రెండు జనముల ప్రార్థనా స్థలములు ఇంచుమించు ఒకే కాలమున నిశ్శబ్దమైపోయినవి.

మేము మెట్ల దగ్గర కూర్చుండి పులిహోర తినుచుండగా, మేకలు కాచుకొను పెద్దాయన యొకడు వచ్చి మా ప్రక్కన కూర్చుండెను. కనుమనాడు ఇక్కడికి వేలకొలది జనము వత్తురని నేను వినియుంటిని. ఆ సంగతి అడిగితిని.

"వస్తారు బాబూ. మా సిన్నప్పుడు కనుమ రోజున అందరం రాళ్ళు పట్టుకొచ్చి ఆ బొజ్జలాటిదాని మీద ఇసిరేవోళ్ళం. రాకాసి పొట్ట అనీవోరు. రాళ్ళేస్తే మంచిదనీవోరు. మా తాతా ఇసిరేడు, మా అయ్యా ఇసిరేడు, నేనూ ఇసిరేను. అది బుద్ధుడి సోటని మాకెవరు సెప్పేరు బాబూ?"

ఇంటాక్ అను సంస్థవారును పురావస్తు శాఖవారును కలిసి 2020 ప్రాంతమున ఆ అలవాటును మాన్పించిరి. మావాళ్లు ఈ మాట విని నవ్విరి. ఎవరి స్థలమో ఎరుగకయే తాత ముత్తాతల నాటినుండి రాళ్లు రువ్వుట వారికి వింతగా తోచెను. నాకు మాత్రము నవ్వు రాలేదు. ఎందుకనగా కొంచెము ముందుగానే మాలో ఒక చిన్నవాడు ఇటుక పెంకు తీసికొని, గుహ గోడ మీద పెద్ద సిలువ గుర్తు గీసియుండెను. నేను చూచి వానిచేతనే తువాలు తడిపించి తుడిపించితిని. వాడు తుడుచుచునే, "ఇయి విగ్రహాలు కదండీ అయ్యగారూ. బలిపీఠాలు పడగొట్టమని బైబిల్లో లేదాండీ?" అనెను.

వాని ప్రశ్న న్యాయమైనదే. భోజనమైన తరువాత అందరిని చెట్టు నీడను కూర్చుండబెట్టి, ఆ మాయా జనుల కథలో ఒక భాగము చెప్పితిని. ఇక్కడను అదే చెప్పుచున్నాను.

మాయా జనులు అత్తిజాతి చెట్టు పట్టతో కాగితము వంటిది చేసి, మడతలు మడతలుగా పుస్తకములు వ్రాసికొనిరి. సున్నను ఎరిగిన జనులు వారు. శుక్ర నక్షత్రము ఎప్పుడు ఉదయించునో, గ్రహణము ఎప్పుడు పట్టవచ్చునో లెక్కకట్టి వ్రాసిరి. స్పెయిను వారు ఆ దేశము పట్టుకొనిన తరువాత, డియేగో డి లాండా అను ఫ్రాన్సిస్కన్ సన్యాసి, నేడు మెక్సికో దేశములో చేరియున్న యుకటాన్ ప్రాంతమునకు సువార్తికుడుగా వచ్చెను. అతడు సోమరి కాడు. వారి భాష నేర్చుకొనెను, కాలినడకను ఊళ్లు తిరిగెను. అయితే బాప్తిస్మము పొందినవారు కొందరు రహస్యముగా పాత విగ్రహములను పూజించుచున్నారని తెలిసినప్పుడు అతని కోపము మండెను. మనుష్యులను కట్టి హింసించి ఒప్పించిరి. ఆ హింసలో ప్రాణములు పోయినవారు కలరు. 1562వ సంవత్సరము జూలై 12వ తేదీన మానీ అను ఊరిలో వేలకొలది విగ్రహములతోకూడ వారి పుస్తకములను కుప్పవేసి తగులబెట్టించెను. 27 పుస్తకములని లెక్క చెప్పుదురు. అది చూచి ఆ జనులు ఎంతో దుఃఖించిరని లాండాయే తన గ్రంథములో వ్రాసికొనెను. మాయా జనుల అసంఖ్యాకమైన పుస్తకములలో నేడు లోకమంతటిలో మిగిలినవి నాలుగు.

అతడు రోమా సంఘమువాడు గదా, మనకేమి అని తప్పించుకొనుట సులభము. కాని చేతిలో సిలువ పట్టుకొనినవాడే ఆ అగ్ని ముట్టించెను. మనమును అదే సిలువ పేరు చెప్పుకొనుచున్నాము.

ఎఫెసు పట్టణములోను పుస్తకములు కాలినవి గదా అని మీరందురు. అపొస్తలుల కార్యములు పందొమ్మిదవ అధ్యాయము మరల చదువుడి. అక్కడ మాంత్రిక విద్య చేసినవారు విశ్వసించి, తమ పుస్తకములను తామే తెచ్చి, తామే కాల్చిరి. వాటి వెల ఏబదివేల వెండి రూకలు. ఆ నష్టము కాల్చినవారిదే. పౌలు ఎవరి ఇంటిలోను చొరబడి అటక వెదకలేదు. అదే పౌలు ఏథెన్సులో ఎంత మనస్తాపము పొందినను, రాయి యొకటి విసరలేదు. వీధులన్ని తిరిగి, వారి దేవతా ప్రతిమలను పరిశీలించి, ఒక బలిపీఠము మీది వ్రాత చదివి, ఆ వ్రాతనుండియే తన ప్రసంగము ప్రారంభించెను. చదువనిదే ఆ ప్రసంగము లేదు. ఇక ద్వితీయోపదేశకాండములోని ఆజ్ఞ ఒక కాలమున ఇశ్రాయేలు జనమునకు వారి దేశము విషయమై ఇయ్యబడినది. శంకరము కొండ మీద ఇటుక పెంకు పట్టుకొనిన పిల్లవానికి ఇయ్యబడినది కాదు.

లాండా కథలో విడ్డూరమొకటి కలదు. అతడు చేసిన పనికి సంజాయిషీ చెప్పుకొనుటకు స్పెయినుకు పోవలసివచ్చెను. అక్కడ 1566 ప్రాంతమున మాయా జనుల ఆచారములను గూర్చి ఒక గ్రంథము వ్రాసి, అందులో వారి అక్షరములు కొన్ని గీసి చూపెను. దాదాపు నాలుగు వందల ఏండ్లకు, 1952లో, యూరీ క్నోరోజోవ్ అను రష్యా పండితుడు ఆ అక్షరముల పట్టికనే ఆధారము చేసికొని మాయా వ్రాత చదువు మార్గమును కనిపెట్టెను. కాల్చినవాడు విడిచిన కాగితమే తాళపుచెవియైనది. దీనినిబట్టి లాండాను క్షమించవలెనని కొందరందురు గాని నాకట్లు తోచదు. కాలిన పుస్తకములు తిరిగి రాలేదు.

అందరును అతనివంటివారు కారు. గ్వాటిమాలాలో ఫ్రాన్సిస్కో హిమెనెస్ అను మరియొక సన్యాసి 1700 దాటిన తొలి సంవత్సరములలో, కిచే అను మాయా తెగవారి పురాతన గాథల గ్రంథమును చూచి, నిప్పుకు వేయక, కూర్చుండి వారి భాషలోనే నకలు వ్రాసి, ప్రక్కన స్పానిషు అర్థము వ్రాసెను. 'పోపోల్ వుహ్' అను ఆ గ్రంథము ఆయన చేతివ్రాత మూలముననే మనకు మిగిలినది. మన దేశములో బ్రౌను దొరగారు, పాదిరి కుమారుడు, మన తాటాకు గ్రంథములను వెదకి పోగుచేసి, వేమన పద్యములను 1829లో అచ్చువేయించెను గదా. మాయా జనులు నశించిపోలేదని కూడ మీరెరుగవలెను. గ్వాటిమాలాలో నేటికిని లక్షలకొలదిగా ఉన్నారు, తమ భాషలు మాటలాడుచున్నారు. వారిలో కక్చికేల్ తెగవారి భాషలో క్రొత్త నిబంధన 1931లో వెలువడెను.

ఇంతవరకు చెప్పి నేను ఊరకుంటిని. పిల్లవాడు, "మరి మన పాదిర్లెవరూ అలా సెయ్యలేదు కదండీ?" అనెను.

చదువరులారా, ఆ ప్రశ్నకు వాని ముందర నేనియ్యని జవాబు ఇక్కడ ఇయ్యవలసియున్నది. దైవశాస్త్ర పాఠశాల విడిచి నేను సేవలో ప్రవేశించిన క్రొత్తలో, కొండ దిగువ పల్లెలో ఒక కుటుంబము బాప్తిస్మము పొందెను. వారి అటక మీద ఎర్ర గుడ్డలో కట్టిన తాటాకు కట్ట యుండెను. పండుగ దినములలో దానికి పసుపు పూసి సాంబ్రాణి వేయుదురని విని, అది ఇంటిలో ఉండరాదని నేనంటిని. ఇంటి పెద్ద తటపటాయించెను. అతని తల్లి, "అందులో పసరు మందులున్నాయి బాబూ, మా మాంగారు రాసినయి" అనెను. మంత్రములై యుండునని నేను తలంచితిని. ముడి విప్పి చూడనైన లేదు. పెరటిలో నేనే నిప్పు పెట్టితిని. ముసలామె గుమ్మములో నిలిచి చూచుచుండెను. ఆ సంగతిని నేను రెండు మూడు ఉజ్జీవ కూటములలో జయముగా చెప్పుకొంటిని కూడ. జనులు స్తోత్రము అనిరి.

బొజ్జన్నకొండనుండి వచ్చిన మరుసటి వారము నేను ఆ పల్లెకు వెళ్లితిని. ముసలామె కన్నుమూసి చాల ఏండ్లైనది. కుమారుడిప్పుడు సంఘపెద్ద. నేను చెప్పిన మాట విని చాలసేపు మాటలాడలేదు. తరువాత, తాత చెప్పగా చిన్నతనమున విన్నవి రెండు మందులు జ్ఞాపకమున్నవనెను. పశువుల గాలికుంటుకు ఒకటి, పసిబిడ్డల దగ్గుకు ఒకటి. నేను నోటుబుక్కు తీసి అతడు చెప్పినట్లే వ్రాసికొంటిని. ఆకుల పేర్లు చెప్పగలిగెను గాని ఏది ఎంత వేయవలెనో అతనికి జ్ఞాపకము రాలేదు. పాళ్లు వ్రాయవలసిన చోటు ఖాళీగా విడిచితిని.